దాపటికి లాగే రెక్క

పదకొండుసార్లు ప్రయత్నించాను. పదకొండుసార్లూ అది నన్ను గానుగెద్దులా నీళ్ల మీద గుండ్రంగా తిప్పి వదిలిపెట్టింది.

నీలం, వెండి రంగులు. సన్నటి ఒళ్లు, దాని కింద రెండు పొడవాటి ఫ్లోట్లు. ఇంగ్లండు దక్షిణ తీరానికీ వైట్ ద్వీపానికీ మధ్య సోలెంట్ అనే సముద్రపు పాయ ఉంది. నా సిమ్యులేటర్ తెర మీద అక్కడ అప్పుడే తెల్లవారింది. నీళ్లు కదలడం లేదు. థ్రాటిల్ ముందుకు తోశానో లేదో ముక్కు లేచి ఎదుటి లోకాన్నంతా మూసేసింది. ఎడమ ఫ్లోటు నీళ్లలోకి కుంగింది. కుడికాలి కింద రడ్డర్ పెడల్‌ని చివరిదాకా నొక్కిపట్టాను. వినలేదు. ఎడమకు, ఇంకా ఎడమకు, తన చుట్టూ తానే తిరుగుతూ నురుగుతో పెద్ద ముగ్గు వేసి, చివరికి రెక్క నీళ్లలో ముంచి చతికిలబడింది.

పన్నెండోసారి లేచింది. ఆ కిటుకు తర్వాత చెబుతాను. ముందు ఆ లేవడం గురించి చెప్పాలి. కింద నీళ్లు దడదడమని తన్నుతుంటాయి. తెర ఊగుతుంది. ముక్కు ఒకసారి ఎగిరి, మళ్లీ పడి, మళ్లీ ఎగురుతుంది. అంతలో ఆ దడదడ ఉన్నట్టుండి ఆగిపోతుంది. విమానం ఎగిరిన సంగతి కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. ఆ తర్వాత మిగిలేది ఇంజను మోత, కింద రేకులా పరుచుకున్న సముద్రం, పక్కనుంచి గీతల్లా జారిపోయే తీరం. గది తలుపు దగ్గర నిలబడి అమ్మ, “ఏరా, ఇంకా దిగలేదా?” అంది. ఇప్పుడే ఎక్కానమ్మా అన్నాను.

ఆ విమానం పేరు సూపర్‌మెరీన్ ఎస్.6బి. 1931లో కట్టారు. కట్టినవి రెండే. ఒకటి ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో, నీటి విమానాల పందెంలో తాను గెలిచిన ష్నైడర్ ట్రోఫీతో పాటు ఉంది. అది మళ్లీ ఎగరదు. ఎగరకూడదు కూడా, ఉన్నది ఒక్కటే గనక. చూడ్డానికి వెళ్లినవాళ్లు దాని చుట్టూ తిరిగి, ఎంత నాజూగ్గా ఉందో అనుకుంటారు. అది ఎంత మొండిదో అక్కడ నిలబడి చూస్తే తెలియదు. దాని ఎడమ లాగుడు సంగతి చెప్పే పలక ఏదైనా పక్కనే పెట్టినా, చదివితే అది కాలికి తెలుస్తుందా?

నాకు తెలిసింది. కుడి పిక్క రెండు రోజులు పట్టేసి మరీ తెలిసింది.

అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. పాత పందెపు విమానాలను కంప్యూటర్లోకి తెచ్చిన ఔత్సాహికులు ఉన్నారు. పగలు ఏదో ఉద్యోగం చేసుకుని, రాత్రుళ్లు పాత ఫొటోలూ కొలతల కాగితాలూ ముందేసుకుని కూర్చునేవాళ్లు. వాళ్లు ఎస్.6బి అందాన్ని తెచ్చినందుకు మెచ్చుకోవచ్చు. రంగు సరిగ్గా పడింది, రివెట్ల వరస కూడా లెక్క తప్పలేదు, బాగుంది. కానీ నేను చేతులెత్తి దండం పెట్టేది వేరే దానికి. వాళ్లు దాని పొగరును కూడా తెచ్చారు. ఆ లోపాన్ని వదిలేసి ఉంటే అడిగేవాడు లేడు. బొత్తాం నొక్కగానే బుద్ధిగా లేచిపోయే బొమ్మ ఇచ్చి ఉంటే ఇంకా ఎక్కువమంది సంతోషించేవాళ్లు. అయినా ఆ ఎడమ లాగుడును లెక్కకట్టి, తూచి, జాగ్రత్తగా అందులో పెట్టారు.

ఆ లాగుడు ఎక్కడిదంటారా? ఇంజను 2,350 గుర్రాల బలంతో ప్రొపెల్లర్‌ను ఒక పక్కకు తిప్పుతుంటే, అదే బలం విమానాన్ని రెండో పక్కకు తిప్పాలని చూస్తుంది. నేల మీద చక్రాలున్న విమానమైతే నేల కొంత కాస్తుంది. నీళ్లు కాయవు, కుంగుతాయి. ఎడమ ఫ్లోటు మునిగినకొద్దీ నీళ్లు దాన్ని వెనక్కి పట్టి లాగుతాయి, ముక్కు ఎడమకు తిరుగుతుంది. దీనికి ఆ విమానాన్ని గీసిన రెజినాల్డ్ మిచెల్ చేసిన వైద్యం చూడండి. పెట్రోలు నింపేది ఫ్లోట్లలోనే. ఆ నింపడంలో కుడి ఫ్లోటుకు ఎక్కువ పోయించాడు.

ఇది చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన జతలో దాపటెద్దు బలమైంది, వలపటిది నెమ్మదైనది. కాడిని ఒక పిసరు జరిపి కట్టి, నెమ్మదిదానికి వీలు ఎక్కువ ఇచ్చేవాడు. చాలు సూటిగా వచ్చేది. మిచెల్ చేసింది కూడా కాడి జరపడమే. సిమ్యులేటర్లలో కొన్నింటికి విమానం తాలూకు లెక్కలన్నీ మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే ఫైల్లో ఉంటాయి. ఏ ట్యాంకు ఎక్కడుంది, ఎన్ని గ్యాలన్లు పడుతుంది, నీళ్లను తాకే చోట్లు ఏవి, అన్నీ వరసగా అంకెలే. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. కుడి ట్యాంకు అంకెను ఎడమదానికి సమానం చేసి చూడండి. విమానం ఇంకా పెంకెదైపోతుంది. తొంభై ఏళ్ల కిందటి ఒక మనిషి ఆలోచన ఆ ఒక్క అంకెలో కూర్చుని ఉంటుంది.

ఎంత వింత చూడండి, ఆ కాలంలో లోకంలోకెల్లా వేగంగా వెళ్లిన విమానాలు నీళ్ల మీద నుంచి లేచినవే. కింద అంత బరువైన పడవలు కట్టుకుని మరీ గెలిచాయి. కారణం తెలిస్తే సబబే అనిపిస్తుంది. వేగం కోసం రెక్కల్ని చిన్నవి చేశారు, ప్రొపెల్లర్‌ను పైన వేగానికి తగ్గట్టు బిగించేశారు. అలాంటిది లేవాలంటే చాలా దూరం పరుగెత్తాలి. అప్పట్లో అంత పొడవాటి రన్‌వేలు ఎక్కడున్నాయి? సముద్రానికైతే కొస లేదు. జాక్ ష్నైడర్ అనే ఫ్రెంచి ఆసామి 1912లో ఈ కప్పు ప్రకటించింది నీటి విమానాలు పెరగాలనే. మరుసటేడు మొనాకోలో జరిగిన మొదటి పందెం గెలిచిన మోరిస్ ప్రెవో సగటు వేగం గంటకు 73 కిలోమీటర్లు. మన ఎర్రబస్సు కూడా హైవే మీద అంత పోతుంది. 1931లో ఎస్.6బి మీద జాన్ బూత్‌మన్ గెలిచిన వేగం 547. ఆ ఏడు సెప్టెంబరు 29న జార్జ్ స్టెయిన్‌ఫోర్త్ అదే విమానంతో 655 దాటించాడు. గంటకు నాలుగు వందల మైళ్లు దాటిన మొదటి మనిషి ఆయనే. మొనాకో నుంచి ఇక్కడికి పద్దెనిమిదేళ్లు.

ఆ వేగం ఎక్కడినుంచి వచ్చిందో సిమ్యులేటర్లో వేడి ముల్లు చూస్తూ ఎగిరితే అర్థమవుతుంది. ఇంజను చల్లబడాలంటే రేడియేటర్ కావాలి. రేడియేటర్ గాల్లోకి పొడుచుకొస్తే గాలి అడ్డం పట్టుకుంటుంది. మిచెల్ అసలు రేడియేటర్ పెట్టలేదు, విమానం చర్మాన్నే రేడియేటర్ చేశాడు. రెక్కల మీద రెండు పలచటి రేకులు, వాటి మధ్య వేడినీళ్లు. ఎస్.6బి వచ్చేసరికి రెక్కలు చాలక ఫ్లోట్ల వీపు మీద కూడా పరిచాడు. ఇంజన్ ఆయిల్ ఒంటి పక్కల వెంబడి తోకదాకా పోయి, నిలువు తోక లోపల జారి, పొట్ట కింద నుంచి వెనక్కి వస్తుంది. ఎండలో పనిచేసే మనిషికి ఒళ్లంతా చెమట పట్టినట్టు, దాని ఒళ్లంతా వేడిని వదులుతూనే ఉంటుంది. థ్రాటిల్ మొత్తం తీస్తే మీకు వేగం వస్తుంది, నిమిషాల్లో ముల్లు ఎర్రగీత వైపు నడుస్తుంది. తగ్గిస్తే పందెం పోతుంది. ఆ రెంటి మధ్య ఒక వెంట్రుకవాసి చోటు ఉంది. పందెంలోని ఏడు చుట్లూ ఆ చోటులోనే ఎగరాలి.

ఏడు చుట్లంటే మరో సంగతి. 1929 పందెంలో రిచర్డ్ వాగ్‌హార్న్ చుట్ల లెక్క తప్పాడు. ఏడు పూర్తయినా ఇంకొకటి ఉందనుకుని ఎనిమిదోది మొదలుపెట్టాడు. దారిలో పెట్రోలు అయిపోయింది. నీళ్ల మీద దిగి, అంతా పోయిందనుకుని కూర్చున్నాడు. పడవ వచ్చి చెబితేగానీ తాను గెలిచినట్టు ఆయనకు తెలియలేదు. ఈ కథ తెలిశాక నేను ఆ చుట్లు వేస్తున్నప్పుడు పక్కన కాగితం పెట్టుకుని గీతలు గీయడం మొదలుపెట్టాను. నాక్కూడా రెండుసార్లు లెక్క తప్పింది. ఆ వేగంలో మలుపులో వంగినప్పుడు మనిషి రక్తం కాళ్లలోకి దిగి కళ్లు మసకబారతాయి. నా కుర్చీ కదలదు, నాకు తెర అంచులు మాత్రమే నల్లబడతాయి. అయినా లెక్క తప్పింది. ఆయన్ని తలుచుకుంటే గౌరవం పెరిగింది.

ఒక మాట మాత్రం దాచుకోను. 1931లో బ్రిటిష్ వాళ్లు ఆ కప్పును శాశ్వతంగా ఇంటికి తీసుకెళ్లిన తీరు నాకు నచ్చదు. ఇటలీ, ఫ్రాన్స్ సిద్ధంగా లేవు, వాయిదా అడిగాయి, వీళ్లు ఒప్పుకోలేదు. ఎదురు లేకుండా ఎగిరి గెలిచారు. 1924లో ఇలాంటి సందర్భమే వస్తే అమెరికా వాళ్లు ఊరికే వచ్చే గెలుపు మాకొద్దని పందెం ఆపేశారు. అది మర్యాద. 1931 పందేనికి బ్రిటిష్ ప్రభుత్వం డబ్బు ఇవ్వనంటే లేడీ హూస్టన్ అనే సంపన్నురాలు లక్ష పౌన్లు ఇవ్వబట్టి ఎస్.6బి పుట్టింది. విమానం మీద నాకు కోపం లేదు. దానికేం తెలుసు?

సిద్ధంగా లేకపోయిన ఆ ఇటలీ విమానం కథ మరీ గొప్పది. మక్కీ ఎం.సి.72. కుంకుమ పులిమినట్టు ఎర్రగా ఉంటుంది. ఎడమ లాగుడుకు వాళ్లు కనిపెట్టిన మందు పెట్రోలు బరువు కాదు. పన్నెండు సిలిండర్ల ఇంజన్లు రెండింటిని ఒకదాని వెనక ఒకటి పెట్టి, ముందు రెండు ప్రొపెల్లర్లు బిగించారు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. వలపట ఒకటి, దాపట ఒకటి, జోడెద్దులన్నమాట. లాగుడు లాగుడునే తినేసింది. సిమ్యులేటర్లో ఎస్.6బి దిగి దీన్ని ఎక్కితే నమ్మబుద్ధి కాదు. కుడికాలికి పనే లేదు. మూడు వేల గుర్రాలు, గీత గీసినట్టు సూటిగా పోతాయి. అలవాటుకొద్దీ కుడి పెడల్ నొక్కి దాన్ని అనవసరంగా తిప్పేశాను, సిగ్గేసింది.

నిజంలో ఆ సూటిదనానికి ఖరీదు చెల్లించారు. పరీక్షల్లో మోంటి, బెల్లిని అనే ఇద్దరు పైలట్లు చనిపోయారు. వేగం పెరిగేసరికి గాలి తోసుకొచ్చి కార్బురేటర్ దగ్గర మంట వెనక్కి తన్నేది. అది సరిచేసుకునేసరికి పందేలు అయిపోయాయి. పందెం లేకపోయినా వాళ్లు వదల్లేదు. 1934 అక్టోబరు 23న గార్డా సరస్సు మీద ఫ్రాన్చెస్కో అజెల్లో దాన్ని గంటకు 709 కిలోమీటర్ల వేగంతో తోలాడు. పిస్టన్ ఇంజన్ ఉన్న నీటి విమానాల్లో ఆ రికార్డు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు.

ఆ తేదీని గుర్తుపెట్టుకోండి. అదే 1934 అక్టోబరు 23న, గార్డా సరస్సుకు భూగోళం అవతలి పక్క, మరో ఎర్రటి విమానం మెల్‌బోర్న్‌లో గుర్రప్పందేల మైదానం మీదుగా గెలుపు గీత దాటింది. నా మొదటి ప్రేమ దాని మీదే.

దాని పేరు కామెట్, తోకచుక్క. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు ఊళ్లన్నీ కీడని వణుకుతుంటే గురజాడ దాన్ని అలా చూడలేదు. ఈ ఎర్ర తోకచుక్క సిమ్యులేటర్లో నాకు కనిపించింది 2004లో. మైక్రోసాఫ్ట్ వాళ్లు రైట్ సోదరుల నూరేళ్ల పండగకని 2003లో తెచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పాత విమానాలు కొన్ని పెట్టారు. నాలుగు సీడీలు. మా పెదనాన్న కొడుకు అమెరికా నుంచి తెచ్చి ఇచ్చాడు. అందరూ బోయింగులు ఎక్కుతుంటే నేను జాబితాలో కిందకు పోయి డి.హెచ్.88 కామెట్ దగ్గర ఆగిపోయాను. ముందు పొడవాటి ముక్కు, ఎక్కడో వెనక తోకకు దగ్గర్లో ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు. రెక్కలు చివరికి పోనుపోను కొబ్బరాకులా సన్నబడతాయి. ఒంటి మీద తెల్లటి అక్షరాల్లో జి-ఏసీఎస్‌ఎస్.

మెల్‌బోర్న్‌లో మిఠాయిల వ్యాపారం చేసిన మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ తన ఊరి నూరేళ్ల పండగకు ఒక పందెం పెట్టాడు. ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్ దాకా. తప్పనిసరిగా ఆగాల్సిన ఊళ్లు ఐదు: బాగ్దాద్, అలహాబాద్, సింగపూర్, డార్విన్, చార్ల్‌విల్. గెలవగల విమానం బ్రిటన్‌లో లేదు. డి హావిలాండ్ కంపెనీ కామెట్‌లను ఒక్కోటి ఐదు వేల పౌన్లకు, నష్టానికే, కట్టిస్తామంది. ముగ్గురు కొన్నారు. మొదటిది గాల్లోకి లేచింది సెప్టెంబరు 8న. పందెం అక్టోబరు 20న. ఆరు వారాలు. మనం పెళ్లి పత్రికలు అచ్చు వేయించుకునేపాటి గడువు.

చెక్కతో చేశారు. ముక్కు నిండా పెట్రోలు ట్యాంకులే, అందుకే సీట్లు అంత వెనక్కి పోయాయి, నేల మీద ఉండగా ముందు ఏమీ కనపడదు. చక్రాలు లోపలికి మడవాలంటే చేత్తో చక్రం తిప్పాలి. ఆ విమానం మొత్తంలో నన్ను ఎక్కువ నవ్వించి, ఎక్కువ ఆశ్చర్యపెట్టినది దాని ప్రొపెల్లర్. లేచేటప్పుడు రేకులు ఒక వాలులో ఉండాలి, పైకి పోయాక మరో వాలులో ఉండాలి. బయల్దేరేముందు సైకిల్ పంపుతో గాలి కొట్టి రేకుల్ని లేచే వాలులో పెట్టేవాళ్లు. పైన వేగం పుంజుకున్నాక ఎదురుగాలి ముందున్న చిన్న బిళ్లను నొక్కేది, గాలి బుస్సున పోయేది, రేకులు రెండో వాలుకు మారేవి. మళ్లీ వెనక్కి మార్చాలంటే దిగి పంపు కొట్టాల్సిందే. సగం ప్రపంచాన్ని చుట్టే పందెం, సైకిల్ పంపు! నా కంప్యూటర్లో ఆ పంపు కొట్టే పని లేదు. ఉంటే బాగుండేది.

చార్ల్స్ స్కాట్, టామ్ కాంప్‌బెల్ బ్లాక్ ఎర్రదాంట్లో ఎక్కారు. జిమ్ మాలిసన్, ఆయన భార్య ఎమీ నల్లదాంట్లో. నాలుగేళ్ల ముందు ఒంటరిగా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఎగిరిన ఎమీ జాన్సన్ ఆవిడే. కరాచీకి వీళ్లే ముందు వచ్చారు, రికార్డు కూడా కొట్టారు. అక్కడి నుంచి రాత్రిపూట దారి తప్పి జబల్‌పూర్‌లో దిగారు. విమానం పెట్రోలు లేదు. ఒక బస్సు కంపెనీ దగ్గరున్న పెట్రోలే పోసుకుని లేచారు. పందెం కోసం బిగించిన ఇంజన్లకు అది అరగలేదు. అలహాబాద్ చేరేసరికి ఇంజన్లు పాడయ్యాయి, వాళ్ల పందెం అక్కడితో సరి.

బాగ్దాద్ నుంచి అలహాబాద్ దాకా మధ్యలో దిగకుండా ఎగరాలని 2004లో ఒక శనివారం రాత్రి కూర్చున్నాను. దాదాపు 3,700 కిలోమీటర్లు. పది గంటల పైమాటే. కాలాన్ని నాలుగు రెట్లు పరుగెత్తించే బొత్తాం అందులో ఉంది. దాని జోలికి పోలేదు. వాళ్లు నిద్రమాని ఎగిరారు, నేను బొత్తాం నొక్కితే ఏం మర్యాద? సంప్రదాయమో పిచ్చో, నా గదిలో దీపం కూడా ఆర్పేశాను. చీకటి, పచ్చటి ముళ్ల వెలుగు, రెండు ఇంజన్ల జోల. నాలుగింటికి కునుకు పట్టింది. లేచి చూస్తే విమానం ఉత్తరానికి ఒరిగి ఉంది. మాలిసన్ దంపతులు దారి ఎలా తప్పారో ఏ పుస్తకం చదవక్కర్లేకుండా తెలిసిపోయింది.

మన తెలుగు నేల ఆ దారిలో లేదు. తెల్లవారాక కింద గంగా యమునలు కనిపించాయి. 2004 సిమ్యులేటర్లో ఊళ్లన్నీ ఒకే పచ్చటి గుడ్డ కత్తిరించి అతికించినట్టుండేవి. అందులో రెండు నీలం పీలికలు, అవి కలిసేచోట ఒక మొన. అంతే. అయినా గుండె ఝల్లుమంది. ఇప్పటి సిమ్యులేటర్లలో ఉపగ్రహం తీసిన ఫొటోలే నేలగా పరుస్తున్నారు, సంగమం దగ్గర నీళ్ల రంగుల తేడా కూడా కనిపిస్తుంది. ఆనాటి ఆ నీలం పీలికలు చూసినంత సంతోషం మళ్లీ కలగలేదు.

దిగేటప్పుడు మాత్రం కామెట్ తన గుణం చూపించింది. వేగం కొంచెం తగ్గితే చాలు, ఆ సన్నటి రెక్క చివర ఉన్నట్టుండి గాలిని వదిలేసి కిందకు వాలుతుంది. ముందే చెప్పదు. రన్‌వే అంచున బోల్తా పడ్డాను. పది గంటలు బూడిదలో పోశాను. రెండో శనివారం మళ్లీ బాగ్దాద్ నుంచి మొదలుపెట్టాను.

నెల తర్వాత, డార్విన్‌కు ముందుండే టిమోర్ సముద్రం. స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్‌ల ఎడమ ఇంజన్‌కు అక్కడే ఆయిల్ ఒత్తిడి పడిపోయింది. ఆ ఇంజన్‌ను తగ్గించి, ఒక్కదాని బలం మీద డార్విన్ చేరారు. నేనూ ఎడమ ఇంజన్ తగ్గించాను, వాళ్ల అవస్థ ఎలా ఉంటుందో చూద్దామని. విమానం ఒక పక్కకు నడుస్తుంది, ఎత్తు నెమ్మదిగా జారుతుంది, కింద ఎటు చూసినా నీళ్లు. తీరం ఇంకో నలభై నిమిషాలు. అప్పుడు కరెంటు పోయింది. యూపీఎస్ కొనే స్తోమత అప్పట్లో లేదు. తెర నల్లబడింది, పైన ఫ్యాను కిర్రుమని తిరిగి ఆగింది. వీధి వీధంతా చీకటి. టిమోర్ సముద్రంలో నేను ఎక్కడ పడ్డానో ఇప్పటికీ ఆచూకీ లేదు.

ఆ చీకట్లో వీధి అరుగు మీద కూర్చుంటే అదే పందెంలో జరిగిన మరో సంగతి గుర్తొచ్చింది. డచ్ వాళ్ల డీసీ-2 విమానం, మామూలు ప్రయాణికుల విమానం, ముగ్గురు ప్రయాణికులతోనే పందెంలోకి దిగింది. మెల్‌బోర్న్‌కు కొద్ది దూరంలో రాత్రి ఉరుముల వానలో చిక్కి దారి తప్పింది. కింద ఆల్బరీ అనే చిన్న ఊరు. ఆ ఊరివాళ్లు ఊరి దీపాలన్నీ వెలిగించి ఆర్పి, వెలిగించి ఆర్పి, మోర్స్ సంకేతాల్లో తమ ఊరి పేరు ఆకాశానికి చెప్పారు. రేడియోలో పిలుపు విని జనం కార్లేసుకుని రేసుకోర్సుకు వెళ్లి, దీపాలు వేసి నిలబెట్టారు. ఆ వెలుగులో విమానం క్షేమంగా దిగింది. తెల్లారి బురదలో కూరుకుపోయి ఉంటే ఊరంతా మోకులు కట్టి లాగారు. అది ఎగిరి వెళ్లి రెండో స్థానం తెచ్చుకుంది. అక్కడ పైన ఉన్న ఒక విమానం కోసం ఊరి కరెంటంతా వెలిగింది. ఇక్కడ నా విమానం పైన ఉండగా వీధి కరెంటు పోయింది. నవ్వొచ్చింది. ఎప్పుడొస్తుందో అని పక్కింటి మామయ్యగారు అడిగితే, డార్విన్ చేరేలోపు రాదండీ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్ 71 గంటల్లో మెల్‌బోర్న్ చేరారు. నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇంకా ఎన్ని ఉన్నాయో. అమెరికాలో గ్రాన్‌విల్ సోదరులు కట్టిన జీ బీ ఉంది. ఐదున్నర మీటర్ల పొడవు, ముందు 800 గుర్రాల ఇంజన్, పనసకాయకు రెక్కలు గుచ్చినట్టు ఒళ్లు, తోకకు ఆనుకుని పైలట్ సీటు. 1932లో జిమ్మీ డూలిటిల్ దానితో క్లీవ్‌లాండ్‌లో థాంప్సన్ ట్రోఫీ గెలిచాడు. తర్వాత అది మనుషుల్ని మింగే విమానమని పేరుపడింది. దాన్ని నేను ఒక్కసారి కూడా బతికి దించలేకపోయాను, కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడే హక్కు నాకు లేదు. అయితే 1991లో ఎగిరిన దాని నకలుతో డెల్మార్ బెంజమిన్ ఏళ్ల తరబడి ప్రదర్శనలిచ్చాడు. తప్పంతా విమానానిది కాదన్నమాట. నెవాడా ఎడారిలో రీనో దగ్గర 1964 నుంచి స్తంభాల చుట్టూ విమానాల పందేలు జరిగేవి. 2023 సెప్టెంబరుతో అక్కడ ఆగిపోయాయి. కానీ అంతకు రెండేళ్ల ముందే ఆ పందేలను మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లోకి తెచ్చారు. ఎడారిలో మోత ఆగినా తెర మీద ఆ స్తంభాల చుట్టూ రాత్రుళ్లు ఇంకా ఎవరో ఒకరు తిరుగుతూనే ఉన్నారు.

అసలు ఎర్ర కామెట్ మాత్రం బతికే ఉంది. యుద్ధకాలమంతా ఓ మూల పడి ఉండి, ఎన్నో చేతులు మారి, ఇంగ్లండులో ఓల్డ్ వార్డెన్ దగ్గర షటిల్‌వర్త్ సేకరణలో చేరింది. 1987లో మళ్లీ ఎగిరింది. మళ్లీ పాడైంది, మళ్లీ బాగుచేశారు, 2014లో మళ్లీ ఎగిరింది. అక్కడి గడ్డి మైదానం అంచున నిలబడి దాన్ని ఒకసారి కళ్లారా చూడాలని ఉంది. అది దిగేటప్పుడు ఆ సన్నటి రెక్క చివర వైపు చూస్తూ నా కుడికాలు నాకు తెలియకుండానే నేలను నొక్కుతుందని కూడా తెలుసు.

ఎస్.6బిని నీళ్ల మీద నుంచి లేపే కిటుకు చెబుతానన్నాను కదా. మీరు ఎప్పుడైనా దాన్ని ఎక్కితే ముక్కును గాలికి ఎదురుగా పెట్టకండి, బాగా కుడివైపుకు పెట్టి అప్పుడు థ్రాటిల్ తియ్యండి. ఆనాటి పైలట్లు చేసిందీ అదే. ఎడమకు అదే వస్తుంది.